నెమరు ముద్ద

తోడికోడలు ఓబులమ్మ ఆవు పాలిస్తోందంటే తిప్పమ్మకు ముద్ద దిగేది కాదు. ఎనభయ్యో సంవత్సరం కరువు. కొత్తచెరువు చుట్టుపక్కల పచ్చిగడ్డి మాటే లేదు. ఇద్దరి ఆవులూ ఒక తల్లికి పుట్టినవే. అయినా టీ హోటలుకు చెంబు నిండా పాలు పోసేది ఓబులమ్మే. దానికి మేత ఎక్కడిదమ్మా? పుట్టింటివాళ్ళు దొంగచాటుగా పంపుతున్నారని తిప్పమ్మ ఊరంతా చాటింది. వేరుపడ్డాక ఆ గడప తొక్కింది లేదు గానీ, గోడవతల ఆవు నెమరు వేస్తున్న చప్పుడు విన్నా ఒళ్ళు మండేది.

చివరికి పంతం పట్టింది. కరువు పనికి కూలిగా ఇచ్చిన గోధుమలు ఇంట్లో ఎవరూ తినరు. వాటిని నానబెట్టి, గంపెడూ ఒక్కసారే ఆవుకు పెట్టింది. రేపు చూసుకోవే నా పాలు, అనుకుంది. తెల్లారేసరికి ఆవు కడుపుబ్బి కూలబడింది. నెమరు ఆగిపోయింది. ఆ ఆవు పోతే ఇంట్లో మిగిలేది ఏమీ లేదు.

పశువుల డాక్టరు మందు తాగించి, తిప్పమ్మకు నాలుగు చీవాట్లు పెట్టాడు. ఆవు కడుపులో కంటికి కనపడని క్రిములుంటాయట. గడ్డిలోని నారను విడగొట్టి చక్కెర చేసేది అవేనట. ఆ చక్కెరే పులిసి ఆవుకు బలమవుతుందట. గోధుమలు ఒక్కసారిగా పులిసేసరికి ఆ క్రిములన్నీ చచ్చాయట.

“బాగుండే ఆవు నోట్లోంచి నెమరు ముద్ద తీసి దీని నోట్లో పెట్టు. ఆ క్రిములు మళ్ళా పుట్టుకొస్తాయి. మీ మరిది ఇంట్లో ఆవు ఉండాది గదా?” అన్నాడు.

తిప్పమ్మకు తల తీసేసినట్టయింది. పొద్దెక్కేదాకా గుమ్మంలోనే కూర్చుంది. ఆవు మెడ వాల్చేశాక లేచి, ఓబులమ్మ గడప తొక్కింది.

ఓబులమ్మ ఒక్క మాట ఎత్తిపొడవలేదు. తన ఆవు దవడ పట్టి, నెమరు ముద్ద తీసి తిప్పమ్మ అరచేతిలో పెట్టింది. పుట్టింటి మేత గుట్టు తెలుస్తుందని తిప్పమ్మ దాన్ని వేలితో విప్పి చూసింది. నల్లటి గడ్డి, పొగ వాసన. ఇంటికప్పు మీది పాత బోదగడ్డి. తలెత్తితే కొట్టానికే కాదు, వాళ్ళు పడుకునే వసారాకు కూడా కప్పు లేదు. ఉత్త వాసాలు మిగిలాయి.

“కప్పు పీకి మేపినావా?”

“ఇంకేముండాదక్కా మేపేదానికి? నీ ఆవు లేచినాక చెప్పు. వంటింటి మీద ఇంకా రవ్వంత ఉండాది, చెరి సగం పీక్కుందాం.”

మర్నాటి సాయంత్రానికి తిప్పమ్మ ఆవు దవడ కదిలింది. పక్కనే కూర్చుని తిప్పమ్మ ఏడ్చింది. ఓబులమ్మ ఆవు పాలను చూసి కుళ్ళుకున్నన్నాళ్ళూ, ఏదో ఒకనాటికి తన చెంబూ నిండుతుందనే ఆశ ఉండేది. ఆ ‘చెరి సగం’ మాట మాత్రం తన నోట ఎన్నటికీ రాదు. అది తలచుకునేసరికి మళ్ళీ ఒళ్ళు మండింది.