రౌటర్‌కు జవాబిచ్చిన వాడ

వరంగల్‌లోని ఓ కేబుల్ ఆఫీసులో నెట్‌వర్క్ చూసేది పద్మలత. ఎవరూ చూడని చానళ్లు కూడా లైను మీద పోతున్నాయని, వాటిని వెంటనే ఆపాలని యజమాని వెంకట్రాజం పట్టుబట్టాడు. ఆమె వద్దని చెప్పి చూసింది. ఆయన వినలేదు. చేసేది లేక, చూసేవాళ్ల జవాబు కోసం రౌటర్ ఎంతసేపు ఆగాలో చెప్పే మల్టీకాస్ట్ టైమర్లను బాగా తగ్గించింది.

మర్నాటికల్లా నేతగాళ్లుండే కొత్తవాడలో టీవీలు ఆగి ఆగి ఆడసాగాయి. యాదవ్వ అనే పెద్దావిడ ఫోనులో విరుచుకుపడింది.

"సీరియల్ల అత్త చెయ్యెత్తింది. గంతే, ఆగింది. కొట్టిందా, కొట్టలేదా బిడ్డా?"

పద్మలత ఓపిగ్గా చెప్పింది. "పెద్దమ్మా, మా దగ్గర రౌటర్ అని ఒక డబ్బా ఉంటది. ఈ చానల్ ఎవరన్న చూస్తాండ్రా అని నడుమ నడుమ మీ బాక్సులను అడుగుతది. జవాబు రాకపోతే ఎవ్వరు లేరనుకొని ఆపేస్తది. మీ బాక్సులు పాతయి, జర లేటుగ పలుకుతయి. రౌటర్‌కేమో నేను ఓపిక తగ్గించిన."

"జవాబియ్యాలె, గంతేగద!" అని యాదవ్వ ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం బొమ్మ ఆగగానే ఆమె టీవీ ముందు నిలబడి, "ఉన్నం! సూస్తానం!" అని కేకేసింది. బాక్సు జవాబు అప్పుడే చేరిందో ఏమో, అత్త చెయ్యి కదిలి కోడలి చెంప మీద పడింది. యాదవ్వ తృప్తిగా కూర్చుంది.

సంగతి వాడంతా పాకింది. పవర్‌లూముల చప్పుడును మించి ఇంటింటా "ఉన్నం! ఉన్నం!" అని అరుపులే. యాదవ్వ మళ్లీ ఫోను చేసింది.

"అందరు ఒక్కపారే ఒర్రితే గా డబ్బకు సమజైతదా?"

వేరే పనిలో తలమునకలై ఉన్న పద్మలత బాక్సుల సంగతే అనుకుంది. "అందరెందుకు? ఒక్కరు పలికితే చాలు, మిగిలినోళ్లు ఊకోవచ్చు."

వాడ కూర్చొని మాట్లాడుకుంది. మగ్గం మూతపడి ఇంటిపట్టున ఉంటున్న పర్శరాములును ఎన్నుకుంది. జీవితమంతా మరమగ్గాల మధ్య మాట్లాడిన గొంతు ఆయనది. కేబుల్ స్తంభం కింద కుర్చీ వేశారు. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కొని స్తంభం వైపు తలెత్తి పలకసాగాడు.

ఫిర్యాదులు ఆగిపోయాయి. టైమర్లు మళ్లీ పెంచుతానంటే వెంకట్రాజం, "మంచిగ నడుస్తాంది గద, ఎందుకు ముట్టుకుంటవ్?" అన్నాడు. స్తంభం కింద కుర్చీ సంగతి చెవిన పడి పద్మలతకు సిగ్గేసింది. ఆయనకు చెప్పకుండానే పెంచేసి, స్కూటీ మీద కొత్తవాడకు వెళ్లింది.

"రౌటర్‌ను సక్క జేసిన. ఇగ పలుకుడు అక్కర్లేదు. కాకా, జర ఊకో, చూద్దాం."

పర్శరాములు నోరు మూసుకున్నాడు. వాడంతా టీవీల వైపు తిరిగింది. టీవీలు చక్కగా ఆడుతున్నాయి. పద్మలత నవ్వబోయింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"కరెంటుకు, దీనికి సంబంధం లేదు!" అంది. ఎవరూ వినలేదు. పర్శరాములు లేచి, గొంతు సవరించుకొని కరెంటు కోసం ఒక్క కేక వేశాడు. రాలేదు. మరొకటి వేశాడు. కరెంటొచ్చింది. ఆడవాళ్లు ఆయనకు దండం పెట్టారు.

పద్మలత స్కూటీ దగ్గరికి నడుస్తుంటే పర్శరాములు వెంట వచ్చాడు.

"బిడ్డా, పరకాలల మనుమరాలి ఫంక్షన్ ఉన్నది. జర లీవు గావాలె."

"లీవా? నన్నెందుకు అడుగుతవ్ కాకా?"

"డబ్బ నీదే గద." ఆయన గొంతు తగ్గించాడు. "మగ్గం బందైనంక నన్ను ఎవ్వలు ఏం అడుగలే. గిదొక్కటే, ఉన్నవా అని మాటిమాటికి అడుగుతాంది. నేను లేకపోతే దానికి ఎవలు పలుకుతరని ఫికర్."

పద్మలత తీయబోయిన స్కూటీకి మళ్లీ స్టాండు వేసింది.

"పొయ్యిరా కాకా. అప్పటిదాంక నేను చూసుకుంట."

"డబ్బ కాడ కూసోని గట్టిగ పలుకుతవా?"

"గట్టిగనే పలుకుత," అంది.

ఆయన సంతోషంగా స్తంభం కింది తన కుర్చీ తెచ్చి ఆమె స్కూటీ వెనక కట్టసాగాడు.