సూదులు తిరిగిన వైపు

పొద్దున్నే కుట్టుకొట్టు తలుపు తియ్యగానే కోడలు సూదుల దిండును దులిపి కటింగ్ బల్ల మీద పెడుతుంది. ఆ తర్వాతే మిషన్లకు నూనె, ఇస్త్రీపెట్టెకు వేడి. ఆ రోజు మాత్రం దిండును బల్ల కిందికి తోసేసింది. తొయ్యక ఏం చేస్తుంది? ఆ కొట్లో సూదులు ఎవరికి బాధగా ఉంటే వాళ్ల వైపు వంగుతాయి మరి! కటింగ్ మాస్టారికి పన్ను సలిపినప్పుడు ఆయన దవడ వైపు వంగాయి. తమ్ముడు ఆయనతో మాటలు మానేసినప్పుడూ ఆయన వైపే వంగాయి. ఒంటి బాధకూ మనసు బాధకూ వాటికి తేడా తెలియదు. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోరు. ఫ్యాను తిరుగుతుంటే ఎవరైనా నోరు తెరుచుకుని చూస్తారా?

సాయంత్రం కొత్త నాటకానికి తెర లేస్తుంది. రాణి గౌను మొదలుకొని భటుల టోపీల దాకా అన్నీ కోడలు గీసినవే. ఇన్నేళ్లూ అత్తగారు గీసినవి కుట్టిన మనిషి, మొదటిసారి తన పేరు మీద పని పట్టింది. సంతోషానికి కాలు నేల మీద నిలవాల్సింది కాదు. కానీ ఆ కాలు తీసి కాలు వెయ్యడమే గగనమైపోయింది.

వారం కిందట స్నానం చేస్తుంటే యోని ద్వారం పక్కన, ఒకవైపున, శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. అదే పోతుందిలే అనుకుంది. ఇప్పుడు ఉసిరికాయంతైంది. నిన్నటి నుంచి వేడిగా సలుపుతోంది, ఒళ్లు కాలిపోతోంది. పేరు తలుచుకోడానికే భయపడే ఆ జబ్బేమోనని లోపల ఒకటే దడ. చూపించుకుంటే మంచమెక్కిస్తారు, నాటకం పోతుంది. మొగుడితో కూడా అనలేదు.

దిండునైతే దాచింది గానీ, గౌను అంచుకు తాను గుచ్చిన గుండుసూదుల మాటే మరిచిపోయింది. గౌను ఎత్తగానే అంచంతా గిర్రున ఆమె వైపు తిరిగింది.

గుండీలు కుడుతున్న అత్తగారు కళ్లద్దాల మీంచి చూసింది. "ఏమే, ఎక్కడ నొప్పి?"

"తలనొప్పి అత్తయ్యా."

"తలా? మరి అవి కిందికి చూస్తున్నాయేంటి? నీ తల నడుం కిందికి దిగిందా?"

మాస్టారు పొడిదగ్గు దగ్గి, టీ తాగొస్తానంటూ గుమ్మం దాటాడు. కోడలు ఒక సూది తీసుకుని ట్రయల్ గదిలో దూరి పరదా లాగేసింది.

కాలరు బిరుసుగా నిలవడానికి లోపల బక్రం గుడ్డ అతికించేటప్పుడు బుడగ లేస్తే సూదితో పొడుస్తారు. పైన ఇస్త్రీపెట్టె ఆనిస్తే చదునైపోతుంది. ఇదీ అంతేగా అనుకుంది పిచ్చిది. అగ్గిపుల్ల వెలిగించి సూదిమొన కాల్చి, పళ్లు బిగపట్టి చెయ్యి కిందికి దించింది.

సూది ఆమె వేళ్ల మధ్యే గిరుక్కున తిరిగింది. మొన పరదా వైపుకుంది. మళ్లీ తిప్పింది. మళ్లీ తిరిగింది! ఈసారి గట్టిగా పట్టుకుంటే, చేతిని కూడా లాక్కుంటూ పరదా వైపే పోయింది.

బయట, టీ తాగి అప్పుడే వచ్చిన మాస్టారి కేక: "అమ్మా, సూదులన్నీ వీధి వైపు తిరిగాయి! గౌను చూడండి, గౌను!"

కోడలు పరదా తీసింది. రాణిగారి ఎర్ర గౌను తన గుండుసూదులు లాగుతుంటే నేల మీద జరజరా పాకి గడప దగ్గర ఆగింది. ఎదురుగా, రోడ్డుకు అవతల, ఆడవాళ్ల డాక్టరమ్మ ఆసుపత్రి. బాధ వైపే వంగే సూదులు మొదటిసారి మందు వైపు తిరిగాయి.

ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. అత్తగారి చెవిలో అంతా చెప్పి బావురుమంది.

"సూదితో పొడుద్దామనుకున్నావా! నువ్వేమైనా కాలరువటే?" అత్తగారు అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేసింది. "మాస్టారూ, ఆ అంచు మీరు కానివ్వండి!"

డాక్టరమ్మ చూడ్డానికి ఎంతోసేపు పట్టలేదు. "ద్వారానికి రెండు పక్కలా తడి ఊరే గ్రంథులుంటాయమ్మా. ఒకదాని దారి మూసుకుపోయి నీరు నిలిచింది. ఇప్పుడు చీము పట్టింది. నువ్వు భయపడుతున్న క్యాన్సర్ కాదు."

"నిజంగానా?"

"నిజంగానే. చిన్నగా, నొప్పి లేకుండా ఉన్నప్పుడు గోరువెచ్చని నీళ్లలో కూర్చుంటే చాలాసార్లు అదే తగ్గుతుంది. నొప్పి, జ్వరం, ఎరుపు వచ్చినా, పెరుగుతున్నా ఆగకుండా రావాలి. పొడిచి ఉంటే మాత్రం విషం లోపలికి పాకేది." మత్తుసూది ఇస్తూ డాక్టరమ్మ మాట కలిపింది. "ముట్లు ఆగిపోయాక కొత్తగా గడ్డ కనబడితే, నొప్పి లేకపోయినా వచ్చి చూపించుకోవాలి. అది ఎప్పుడూ పరీక్ష చెయ్యాల్సిందే."

కోడలి చెయ్యి పట్టుకున్న అత్తగారి చెయ్యి చల్లబడింది. కోడలు ఆ సంగతి పట్టించుకునే స్థితిలో లేదు.

డాక్టరమ్మ చిన్న గాటు పెట్టడంతో మధ్యాహ్నానికల్లా చీము పోయింది, సలుపు పోయింది, వారం నాటి దడ పోయింది. మందులు వేసుకుని కొట్లోకొచ్చిన కోడలి ముఖం వెలిగిపోతోంది. గౌను తయారు! బండి గుమ్మంలో ఉంది! టోపీలు ఎక్కిస్తున్నారు! ఎక్కువసేపు కూర్చోవద్దన్నారుగా, నిలబడే నాటకం చూస్తానంది. దిండును బల్ల కింద నుంచి తీసి దర్జాగా పైన పెట్టింది. సూదులు నిటారుగా నిలబడ్డాయి.

అంతలోనే ఒక్కొక్కటే వంగడం మొదలుపెట్టాయి. గుండీల మూల వైపు.

"అత్తయ్యా?"

"గాలికే."

"గాలికి సూదులు వంగుతాయా?"

అత్తగారి ఒళ్లోంచి గుండీలు జారి గలగలా దొర్లాయి. "నొప్పేం లేదే. కిందటి చలికాలం నుంచీ నాకూ ఒక గడ్డ ఉంది. ఈ వయసులో అక్కడ ఏం చూపించుకుంటాంలే అని ఊరుకున్నా. ఆవిడ ఆ మాట అన్నప్పటి నుంచే..." గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

కోడలు మెడలోని టేపు తీసి మాస్టారి మెడలో వేసింది. "రాణిగారికి గౌను మీరే తొడిగించండి."

"మీ మొదటి నాటకమమ్మా!"

"తెర నేను లేకపోయినా లేస్తుంది మాస్టారూ. పదండత్తయ్యా."

"రేపు వెళ్దాంలేవే..."

"నేను కాలరును కానప్పుడు మీరు మాత్రం కాలరా? నడవండి!"

నవ్వూ ఏడుపూ కలిసిపోయిన ముఖంతో అత్తగారు లేచింది. డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. అది ఆ జబ్బే. కానీ తొలి దశలోనే దొరికింది, చిన్న ఆపరేషన్‌తో పోయింది.

ఏడాది తర్వాత ఆ నాటకం మళ్లీ వేసినప్పుడు కోడలు చూసింది. ఎర్ర గౌను దీపాల్లోకి రాగానే పక్కసీట్లో అత్తగారు లేచి నిలబడి, "అదిగో, మా కోడలు కుట్టింది!" అని హాలంతా వినబడేలా అరిచింది.