కత్తెరకు ఓటు

పెద్దకోడలికి చిన్నకోడలంటే ఒళ్ళుమంట. ఇంట్లో గిన్నెల చప్పుడు మధ్య ఆ మంటను ఎలాగో అణుచుకుంటూ వచ్చింది. తోటికోడళ్ళిద్దరూ ఒకే ఇంగ్లీషు క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చోవలసి వచ్చాక అది చల్లారే దారే లేకుండా పోయింది.

క్లాసు లైబ్రరీ పై అంతస్తులో, పొద్దున తొమ్మిదింటికి. పదిహేనుమంది, తలా ఒక దేశం నుంచి వచ్చి చేరినవాళ్ళు. భాషతోపాటు ఓటు వేయడం, ప్రభుత్వం నడిచే తీరూ నేర్పాలని టీచరమ్మ తాపత్రయం. చిన్నకోడలు నోరు తెరిస్తే చాలు, ఆవిడ "పర్ఫెక్ట్!" అని చప్పట్లు కొట్టేది. పెద్దకోడలు నోరు తెరిస్తే మార్కర్ పట్టుకుని బోర్డు దగ్గరికి నడిచేది. మూడు నెలల్లో ఒక్క వాక్యాన్నయినా దిద్దకుండా వదిలిన పాపాన పోలేదు. పైగా అర్థంకాని ముక్కలన్నీ చిన్నకోడలే చెవిలో చెప్పేది. తన పెళ్ళయిన పదేళ్ళకు ఆ ఇంట్లో అడుగుపెట్టిన పిల్ల తనకు పాఠం చెప్పడమా! పెద్దకోడలు మూతి ముడుచుకునే వినేది. వినకపోతే పాఠం అర్థం కాదు మరి.

ఆ శుక్రవారం ఎన్నిక పెట్టింది టీచరమ్మ. ఉత్తుత్తి ఎన్నిక కాదు. క్లాసు పొద్దునే ఉంచాలా, సాయంత్రానికి మార్చాలా అన్నది ఓటేసి తేల్చుకోమంది. గెలిచినవాళ్ళు కోరిన వేళకే సోమవారం నుంచి క్లాసు.

పెద్దకోడలు బట్టలు కుట్టే షాపు యజమాని ముందురోజే ఖరాఖండిగా చెప్పేశాడు. సోమవారం నుంచి తొమ్మిదికల్లా మెషిన్ ముందు ఉండాలి, లేదంటే అసలు రానక్కర్లేదన్నాడు. క్లాసు సాయంత్రానికి మారకపోతే ఆమె చదువుకు నీళ్ళొదులుకోవలసిందే. అందుకే సాయంత్రం తరఫున పోటీకి చెయ్యెత్తింది. ఎదురుగా నిలబడింది ఎవరనుకున్నారు? చిన్నకోడలే! సాయంత్రాలు మొగుడు డ్యూటీకి వెళితే పసిపిల్లను చూసేవాళ్ళుండరని దాని గోల దానిది.

"ఏమనుకోకక్కా, నాకు పొద్దున తప్ప కుదరదు."

"నేనేమనుకుంటానే? నిలబడు, హాయిగా నిలబడు," అంది పెద్దకోడలు పళ్ళు కొరుక్కుంటూ.

పెద్దకోడలికి కత్తెర గుర్తు, చిన్నకోడలికి గొడుగు గుర్తు వచ్చాయి. పెద్దకోడలు మూడే మూడు వాక్యాల్లో ఓటు అడిగింది, అందులో రెండు బోర్డు ఎక్కాయి. చిన్నకోడలు గలగలా మాట్లాడి అందరినీ నవ్వించింది. ఆ నవ్వులు వింటుంటే పెద్దకోడలికి కడుపు రగిలిపోయింది.

బల్ల మీద పెద్ద అట్టపెట్టె నిలబెట్టి, దాని చాటున ఓటు వేయమంది టీచరమ్మ. ఇంకేదో కూడా చెప్పింది. చిన్నకోడలు చెవిలో ఊదింది.

"ఎవరి ఓటు వాళ్ళకే వేసుకోవచ్చట అక్కా. తప్పు లేదట."

"ఛీ, ఇదేం పోయేకాలం! పదిమందిలో ముందు నాకే అని వడ్డించుకున్నట్టు!"

పెట్టె చాటుకు వెళ్ళాక పెన్ను కత్తెర బొమ్మ దాకా వెళ్ళి ఆగిపోయింది. చూసేవాళ్ళెవరూ లేరు, అయినా చెయ్యి రాలేదు. రేపెప్పుడైనా బయటపడితే ఆ పిల్ల ఎంత నవ్వుకుంటుంది! అయినా తెల్లారి లేస్తే అక్కా అక్కా అంటూ తిరిగే పిల్ల, దాని ఓటు తనకు వేయకుండా ఎవరికి వేస్తుంది? తను దానికి వేస్తే సరికి సరి. పెద్దరికం నిలబడుతుంది. గొడుగు బొమ్మ మీద టిక్కు పెట్టి బయటకు వచ్చింది. మూడు నెలల్లో మొదటిసారి ఆ పిల్లకన్నా తను ఓ మెట్టు పైనున్నట్టు అనిపించింది.

టీచరమ్మ ఒక్కో చీటీ విప్పి చూపించింది. ఏడూ ఏడూ అయ్యాక ఒక్కటే మిగిలింది. గొడుగు.

చప్పట్ల మధ్య పెద్దకోడలు పక్కకు వంగింది. "నువ్వు దేనికి వేశావే?"

"గొడుగుకేనక్కా. నాకు కావలసింది అదే కదా. నువ్వు కత్తెరకేగా?"

ఎంత ధీమాగా అంది! పెద్దకోడలికి తల తిరిగిపోయింది. ఒక్క టిక్కు అటు పెట్టి ఉంటే ఎనిమిది తనవి, ఏడు దానివి. సిగ్గులేనిది గెలిచింది, సిగ్గుపడ్డది ఓడింది. ఆ పిల్ల మీద ఎంత కోపం తెచ్చుకుందామన్నా అది మళ్ళీ తన మీదికే తిరిగొస్తోంది.

ఓటు రహస్యమే, కానీ ఇష్టమైనవాళ్ళు ఎవరికి వేశారో ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పవచ్చంది టీచరమ్మ. పెద్దకోడలు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆ పిల్లకు చురుక్కుమనాలి, అంతే. లేచి నిలబడి దానివైపు వేలు చూపించింది.

"ఐ ఓటెడ్ ఫర్ హర్."

చిన్నకోడలి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అయ్యో, అదేంటక్కా..." అంది.

టీచరమ్మ మార్కర్ జోలికి పోలేదు. "పర్ఫెక్ట్!" అంటూ గట్టిగా చప్పట్లు కొట్టింది. ఎంత మంచి మనసు అనుకున్నారేమో, క్లాసంతా కొట్టింది.

మూడు నెలలుగా ఆ చప్పట్ల కోసమే కుళ్ళి చచ్చింది పెద్దకోడలు. అవి ఆగేదాకా నిలబడే ఉంది. తర్వాత నోటుబుక్కూ పెన్నూ సంచిలో వేసుకుని, సోమవారం నుంచి తను రానని టీచరమ్మతో ఇంగ్లీషులో ఎలా చెప్పాలని చిన్నకోడలినే అడిగింది.