మూపురం జారలేదు

మా ఊరి నుంచి సముద్రం కనపడదు. బుద్ధెరిగాక నేను దాన్ని రెండుసార్లు చూశానేమో. అయినా భూమికి దక్షిణపు కొసన, జూన్ నుంచి ఆగస్టు దాకా సాగే మా చలికాలం ఎలా గడవాలో తేల్చేది అదే. అక్కడెక్కడో నడిసముద్రంలో నీళ్ళు చల్లబడితే లానినా అంటారు. అప్పుడు మా కొండలకు ఉత్త చలి, నీలాకాశం, బోడి రాళ్ళు. అవే నీళ్ళు వెచ్చబడితే ఎల్‌నినో. అప్పుడు మాకు మంచు. నీళ్ళు ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయ్యాయంటే నా పొయ్యి మీద సూపు కుండ ఎక్కాలా వద్దా అన్నదే మారిపోతుంది. ఇదేం అన్యాయమని నేను తిట్టుకోని ఏడాది లేదు. తిట్టి ఏం లాభం, సముద్రానికి చెవులున్నాయా?

నా పేరు ఓర్ఫెలీనా. పాసో లేంగలో స్కీ కొండ కింద చిన్న వంటశాల నడుపుతాను. నా మొగుడు నోల్బెర్తో ఆ కొండకు కాపలా. మంచు పడ్డాక వాలు తెరవాలా మూయాలా అన్నది ఆయన నోటి మాట. మాకు ఒక్కతే కూతురు, మైతేన్. నేల మీద కంటే స్కీల మీదే ముందు నిలబడిన పిల్ల.

ఆ ఏడు మైతేన్‌కు పద్దెనిమిదో ఏడు వస్తోంది. ఆ చలికాలం దాటితే పిల్లల పోటీలకు వయసు మీరిపోతుంది. అంతకు ముందు ఏడాది మోకాలు దెబ్బతిని ఒక్క పోటీలోనూ దిగలేదు. ప్రాంతీయ జట్టులో చేరాలంటే ఇక మిగిలింది ఒకే ఒక్క పోటీ, ఆగస్టులో, అదీ మా కొండ మీదే. ఏ కారణం చేతనైనా ఆ పోటీ జరగకపోతే కిందటేటి ఫలితాలు చూసి జట్టును ఎంపిక చేస్తారు. కిందటేడు మా పిల్ల కాలికి కట్టుతో మంచం మీద ఉంది.

కాబట్టి మాకు కావలసింది ఆగస్టులో మంచు. అంతే. చాలా చిన్న కోరికలా వినిపిస్తుంది కదా!

జూన్ మొదట్లో చీలమండ లోతున ఒకసారి పడింది. ఆ తరువాత ఆకాశం మూతి బిగించుకుంది. పగలు కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండ, రాత్రి ఎముకలు కొరికే చలి. రేడియోలో మాత్రం రోజూ ఒకటే మాట, లానినా పోతోంది, ఎల్‌నినో వచ్చేస్తోందని. స్కీలు అద్దెకిచ్చే బెలార్మీనో పొద్దున్నే నా దగ్గరికొచ్చి టీ తాగుతూ ఆకాశం వంక చూసేవాడు. అతనూ నోల్బెర్తో చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

"ఏం వదినా, ఎల్‌నినో గారికి బస్సు దొరకలేదా ఏంటి?"

"దొరికే ఉంటుంది. నీ అద్దె రేట్లు విని మధ్యలో దిగిపోయుంటాడు."

"అయితే నీ సూపు వాసనకైనా రావాలి కదా. అదీ లేదంటే తప్పు నాది కాదు."

ఇలా నవ్వుకునేవాళ్ళం. జూలైలో ఆ నవ్వులు కూడా ఆగిపోయాయి. కార్మెన్ మాత పండుగ నాడు ఊరంతా కలిసి మాత విగ్రహాన్ని మోసుకుని కొండ కిందికి వెళ్ళాం. భుజాల మీద స్కీలు, కాళ్ళ కింద దుమ్ము. ముసలివాళ్ళు దగ్గుతూ పాటలు పాడారు. మైతేన్ అందరికంటే ముందు నడిచింది. నేను మాత పాదాలు పట్టుకుని, మంచు ఇవ్వు తల్లీ, ఎంతైనా సరే ఇవ్వు అని మొక్కాను. ఎంతైనా అని ఎందుకన్నానో తెలియదు. అడిగేటప్పుడు కొంచెం ఆలోచించి అడగాలి.

పోటీ ఆదివారం. గురువారం సాయంత్రం మబ్బు పట్టింది. శుక్రవారం తెల్లవారేసరికి నా వంటశాల కిటికీ సగం దాకా మంచు. శనివారం పొద్దున కూడా ఆగలేదు. ఊళ్ళోవాళ్ళు వీధుల్లో దొర్లారు. బెలార్మీనో నన్ను నడుం పట్టుకుని గిరగిరా తిప్పాడు. "వచ్చాడు వదినా! బస్సు దిగాడు!" అని కేకలు. మైతేన్ ఇస్త్రీపెట్టె వేడి చేసుకుని స్కీలకు మైనం రాస్తూ కూర్చుంది. అంత నిండుగా నవ్వుతుంటే ఆ పిల్లను చూసి నాకే దిష్టి తగులుతుందేమోనని భయం వేసింది.

మా ఊళ్ళో ఒక అలవాటు ఉంది. ఏటా కొత్త మంచు మీద మొదటి గీత గీసే హక్కు ఆ ఏడు పిల్లల జట్టులోంచి వెళ్ళిపోయేవాళ్ళది. మాత బొమ్మ చొక్కా జేబులో పెట్టుకుని కొండ నెత్తి నుంచి ఒక్కరే దిగాలి. వాళ్ళు కిందికి చేరేదాకా ఇంకెవరూ స్కీ కట్టకూడదు. ఆ గీత ఊరంతటికీ కనపడేలా మూపురం మీదుగానే రావాలి. వాలు పైభాగం ఎద్దు మూపురంలా ఉబ్బి ఉంటుంది కాబట్టి దాన్ని మూపురం అంటాం. ఆ ఏడు జట్టు దాటేది మైతేన్ ఒక్కతే. పోటీకి ముందు మొదటి గీత ఆమెదే.

శనివారం మధ్యాహ్నం మంచు కాస్త తెరిపిచ్చాక నోల్బెర్తో పార భుజాన వేసుకుని మూపురం వైపు వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. అప్పటికి పట్నం నుంచి పోటీ నిర్వాహకులు వ్యానులో దిగి నా సూపు తాగుతున్నారు. ఆయన తలుపు దగ్గరే ఆగి అన్నాడు.

"ఇవాళ తెరవను."

బెలార్మీనో ముందు నవ్వాడు. హాస్యమనుకున్నాడు. నోల్బెర్తో మొహం చూసి నవ్వు ఆపాడు. "ఏంట్రా నువ్వనేది?"

"రండి, చూపిస్తా."

అందరం ఆయన వెంట మోకాటి లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళాం. మూపురం అంచున ఆయన తవ్విన గోయి ఉంది. దాని అడుగు నుంచి గుప్పెడు మంచు తీసి వేళ్ళ మధ్య వదిలాడు. పంచదారలా జలజలా రాలిపోయింది.

"ఇది జూన్ మంచు. ఇన్ని రోజుల చలికి లోపల్లోపలే పొడి అయిపోయింది. దీని మీద ఇప్పుడు ఇంత బరువు కూర్చుంది." గోయి గోడలోంచి ఒక దిమ్మ కోసి దాని మీద పారతో తట్టాడు. గట్టిగా కూడా కాదు. పైన ఉన్న పలకంతా టక్కున ఊడి మా కాళ్ళ ముందుకు జారింది.

"అయితే ఏంటి? మా తాతల నాటి నుంచి ఈ మూపురం ఒక్కసారైనా జారిందా?" అన్నాడు బెలార్మీనో.

"జారలేదు."

"మరి?"

"ఇలాంటి జూన్ కూడా రాలేదు కదరా."

"పెద్ద కొండల్లో మందుగుండు పేల్చి ముందే జార్చేస్తారుగా. మనమూ..."

"మనకా అనుమతి ఎక్కడుంది? పిచ్చి మాటలాడకు."

"ఒరేయ్, ఆ పోటీ నీ పిల్లదిరా! నా కోసం అడుగుతున్నానా? రెండ్రోజుల అద్దె పోతే నా కొంపేం మునగదు. ఆ పిల్ల మొహం చూసి మాట్లాడు."

ఆయన పిల్ల మొహం చూడలేదు. మైతేన్ ఆ పలక ముక్కను చేత్తో పట్టుకుని నిలబడింది. "రేపు?" అంది.

"రేపు మళ్ళీ తవ్వి చూస్తాను తల్లీ."

ఆదివారం ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. అంత అందమైన పొద్దు ఆ కొండ మీద నేనెన్నడూ చూడలేదు. చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది. నోల్బెర్తో మళ్ళీ ఒక్కడే వెళ్ళాడు, మళ్ళీ వచ్చి తల అడ్డంగా ఊపాడు. నిర్వాహకుల్లో పెద్దావిడ ఓపికగానే మాట్లాడింది. "దోన్ నోల్బెర్తో, మీ మాట కాదని మేం ఎవర్నీ పంపలేం. మధ్యాహ్నం దాకా ఆగుతాం. ఇంకో తేదీ అంటే మాత్రం మా చేతుల్లో లేదండీ."

మధ్యాహ్నం దాకా ఊరంతా మా ఆయన్ని చూస్తూ కూర్చుంది. ఆయన కొండను చూస్తూ కూర్చున్నాడు. నేను మధ్యలో సోపాయిపియాలు, మా గుమ్మడికాయ పిండి రొట్టెలు, నూనెలో వేయిస్తూ కూర్చున్నాను. చేతికి పని లేకపోతే ఎవరినో ఒకరిని కొట్టేదాన్నేమో. ఆయనతో ఒక్క మాట అనాలని నోటిదాకా వచ్చింది, ఏమనాలో తెలియలేదు. తెరవమంటే పిల్లను చావుకు పంపమన్నట్టు. మూయమంటే ఆ పిల్ల ఇన్నేళ్ళ కష్టం నా చేతులతో తుడిచేసినట్టు.

పొద్దు తిరిగాక వాళ్ళు వాలు మీద దారి గుర్తుకు పాతే పోటీ కర్రలు వ్యానులో సర్దుకోవడం మొదలుపెట్టారు. మైతేన్ వెళ్ళి ఒక్కొక్క కర్రా అందించింది. పెద్దావిడ, "నీ మోకాలు ఎలా ఉందమ్మా?" అని అడిగింది. "బాగయిపోయిందండి," అంది మా పిల్ల. ఆ మాటకు నేను లోపలికి వచ్చేశాను. దారిలో తింటారని సోపాయిపియాలు పొట్లం కట్టి పంపాను, తిండి పెట్టకుండా పంపడం నా చేత కాదు.

మంగళవారం వాన మొదలైంది.

మంచు కాదు, వాన. కొండ కొస దాకా, శిఖరం మీద కూడా వానే. మేం మొక్కి మొక్కి రప్పించుకున్న ఎల్‌నినో అసలు రూపం అది. వెచ్చటి సముద్రం నుంచి వెచ్చటి మబ్బులు. దానికి మంచూ వానా ఒకటే, ఇచ్చినదాన్ని తానే పట్టుకుపోయింది. రోజూ పొద్దున్నే కిటికీలోంచి చూస్తే మూపురం ఇంకాస్త కుంగి, ఇంకాస్త మాసి కనిపించేది. వాగులు ఎర్రగా పారాయి. ఆ ఏడు పడిన ఒకే ఒక్క పెద్ద మంచు మీద ఒక్కరూ, ఒక్క గీతైనా గీయలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. వాన నీరు ఇంకితే మూపురం బరువెక్కి తప్పకుండా జారుతుందని నోల్బెర్తో అన్నాడు. ఊరంతా మంచు పడాలని మొక్కింది. నేను ఆ మంచు ఊడి పడాలని మొక్కాను. ఒక్కసారి పెద్ద చప్పుడుతో కిందికి దూకు, జనం లేని ఆ వాలు మీద చెట్లు విరిచి పారెయ్, నా మొగుడి మాట నిజమని ఈ ఊరికి చూపించు అని మూపురాన్ని బతిమాలాను. గిన్నెలు కడుగుతూ చెవులు రిక్కించి వినేదాన్ని. ఉరుము ఉరిమితే గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. ఆయనా పరుగెత్తేవాడు. ఇద్దరం తడుస్తూ నిలబడి ఏమీ లేదని చూసుకుని మళ్ళీ లోపలికి వచ్చేవాళ్ళం.

మూపురం జారలేదు. కొంచెం కొంచెంగా, మర్యాదగా కరిగిపోయింది. కింద నుంచి పచ్చగడ్డి కనపడింది.

ఎవరో జనాన్ని కొండ ఎక్కించే లిఫ్టు గది తలుపు మీద సుద్దతో రాశారు: జాగ్రత్త, గడ్డి జారును. నేను తడిగుడ్డతో తుడిచేలోపే నోల్బెర్తో చదివేశాడు. బెలార్మీనో దస్తూరీ కాదు, కానీ అది చదివి నవ్విన నోళ్ళలో అతని నోరూ ఉంది. అతను టీకి రావడం మానేశాడు. దారిలో ఎదురైతే మాత్రం, "మీ ఆయన మూపురం ఇంకా అక్కడే ఉంది వదినా, చూసుకోమను," అని పోయాడు. వాడి మొహాన టీ పోయడానికి ఆ రోజు నా చేతిలో టీ లేకపోయింది.

జట్టు పేర్లు ప్రకటించారు. మైతేన్ పేరు లేదు. ఉంటుందని ఎవరమూ అనుకోలేదు, అయినా చివరి పేరు దాకా విన్నాం.

పోటీ రోజు నుంచి మైతేన్ తండ్రితో మాట్లాడటం లేదు. అడిగినదానికి ఊ, ఆ అనేది. అలిగితే ఒక తలనొప్పి, ఏడిస్తే ఒక తలనొప్పి. ఈ పిల్ల ఆ రెండూ చేయలేదు. తన స్కీలు శుభ్రంగా తుడిచి, గుడ్డ చుట్టి, అటక మీద పెట్టింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం వాళ్ళిద్దరూ భోజనానికి కూర్చున్నారు. నేను పొయ్యి దగ్గర నిలబడి కోడి పులుసు వడ్డిస్తున్నాను. మైతేన్ చెంచా కింద పెట్టింది.

"నాన్నా, ఒకటడుగుతా. నిజం చెప్తావా?"

"చెప్తాను."

"మొదటి గీత నాది కాకపోయుంటే తెరిచేవాడివా?"

నోల్బెర్తో రొట్టె తుంచుతూ ఆగిపోయాడు. ఆయన అబద్ధమాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఆడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"నేను ఒక్క గోయి కాదు, మూడు తవ్వాను," అన్నాడు. "మీకు చూపించిన దాంట్లో పలక జారింది. మిగతా రెండింట్లో ఎంత కొట్టినా కదల్లేదు. ఆదివారం కూడా అంతే. ఒక చోట జారింది, ఒక చోట లేదు."

"మాకు ఒక్కటే చూపించావు."

"అవును."

"బెలార్మీనో మామ కొడుకు ముందు దిగేదుంటే?"

ఆయన రొట్టె ముక్క కంచంలో పెట్టేశాడు. "తెరిచేవాణ్ణి తల్లీ."

పరాయి పిల్లాడినైతే పంపేవాణ్ణని నా మొగుడు అన్నాడు. నిజమే అన్నాడు. నేనైనా అంతేనని నాకూ తెలుసు. ఏ గోయి నిజం చెప్పిందో ఇక ఎవరికీ తెలియదు, ఆ మంచు ఎప్పుడో వాగులో కలిసి సముద్రానికి పోయింది.

మైతేన్ ఏడవలేదు.

"నీ మీద జన్మంతా కోపంగా ఉందామనుకున్నా నాన్నా," అంది. "ఇప్పుడు అది కూడా లేకుండా చేశావు."

ఆయన రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఆమె లేవలేదు, ఆయన్ని తాకనూ లేదు. ఎవరి పక్కన వెళ్ళి కూర్చోవాలో తెలియక, నేను గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడిపోయాను.