నల్లోడి తూకం

పొద్దున్నే చేపల వేలం అయిపోగానే మరిడమ్మ కాటా కడిగి, ఊరి కుక్కల్నీ పిల్లుల్నీ తూకం వేస్తుంది. ఆ ఊళ్లో జంతువుల భయం తూకంలో తెలిసిపోతుంది. బెదురులేని కుక్క ఎంత పెద్దదైనా ముల్లు కదలదు. బెదిరిన పిల్లి మాత్రం పది కిలోలైనా తూగుతుంది.

పశువైద్యం చదువుతున్న ఝాన్సీ జంతువుల భయాన్ని కొలవడానికి, ఈ సంగతి తెలియకుండానే ఆ ఊరొచ్చింది. సూది గుచ్చి రక్తం తీస్తే ఆ సూది భయం కూడా లెక్కలో కలిసిపోతుంది. అందుకని రాలిన వెంట్రుకలూ, దూదికి అద్దిన చొంగా పట్టుకెళ్లి పరీక్ష చేద్దామని ఆమె ఉద్దేశం.

"అట్టుకెల్లమ్మా, ఒద్దన్నామేటి? ఈలోపు ఇటు కూడా సూసుకో," అంది మరిడమ్మ కాటా చూపిస్తూ.

ఝాన్సీ నోటుపుస్తకం తీసింది. ఇంత తేలిక పద్ధతి ఉందని పాఠాల్లో ఎవరూ చెప్పలేదేమని ఆమెకి కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

ఆవేళ దాలయ్య తన కుక్క నల్లోడిని తెచ్చాడు. నెల్లాళ్లుగా అతను చేపల వేటకి బయల్దేరినప్పుడల్లా అది వెనకనుంచి మొరుగుతోంది. వేటకెళ్లే మనిషిని వెనక్కి పిలిస్తే కీడని అక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు.

"దీనికి సముద్రమంటే బయం పట్టుకున్నాది. రేపు బొబ్బిలి సంతలో ఒగ్గీసి వస్తాను," అన్నాడు.

ఝాన్సీకి మనసు చివుక్కుమంది. "సాయంత్రం దాకా నాకియ్యి బాబాయ్," అని అడిగి, కాటా మోసుకుంటూ కుక్క వెంట తిరిగింది. ఇంటి దగ్గర ముల్లు కదల్లేదు. అలల అంచునా అంతే. పక్కవాళ్ల పడవ దగ్గరా అంతే. నెల కిందట దాలయ్య కొన్న పాత పడవ దగ్గరికి రాగానే అరవై కిలోలు తూగింది.

"సముద్రానికి కాదు బాబాయ్, నీ పడవకి బెదురుతోంది."

"పడవకేటి? కొత్త రంగేసి మరీ ఇచ్చారు," అని దాలయ్య విసుక్కున్నాడు. సాయంత్రం వేటకి తోటివాళ్లతో కలిసి పడవని నీళ్లలోకి నెట్టబోయాడు.

నల్లోడు ఒక్క గెంతులో పడవెక్కి కూర్చున్నాడు. ఆరుగురు నెట్టినా పడవ కదల్లేదు. నల్లోడి భయం బరువుకి ఇసకలోకి దిగబడుతూ అడుగున ఫెళ్లుమంది. వంగి చూస్తే, లప్పం పెట్టి రంగుతో కప్పేసిన పాత పగులు మూరెడు మేర నోరు తెరుచుకుని ఉంది.

అది నడిసముద్రంలో విచ్చుకుని ఉంటే ఏమయ్యేదో ఆ ఆరుగురికీ ఎవరూ చెప్పక్కర్లేదు. దాలయ్య ఇసకలో చతికిలబడ్డాడు. నల్లోడు దిగొచ్చి అతని ఒళ్లోకెక్కాడు.

"ఎనక్కి పిలిసింది నన్ను బతికించడానికేట్రా," అని దాలయ్య దాని మెడ పట్టుకుని ఏడ్చాడు. ఒళ్లో ఉన్న కుక్క బరువే అతనికి తెలియలేదు.