డాగ్మార్ కూర్చున్న కుర్చీ

కోపెన్‌హాగెన్‌లో ఆ ఏటి వడ్రంగుల ప్రదర్శన మొదలై గంట కూడా కాలేదు. లౌరిత్స్ మేస్త్రీ చేసిన టేకు కుర్చీ చుట్టూ అప్పుడే జనం మూగారు. దాని వీపూ చేతులూ ఒకే కొయ్య వంపు తిరిగినట్టు కనిపిస్తాయి గానీ నిజానికవి మూడు ముక్కలు. వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు పళ్ళు కోసి, సరేసు జిగురుతో అతికించాడు. కుర్చీ నమూనా బొమ్మ గీసిన ఎస్బెన్ వయసులో చిన్నవాడు. అతుకు దగ్గర ఇంత సన్నం చాలని అతను ఖచ్చితంగా చెప్పాడు. లౌరిత్స్‌కే ఆశ చావలేదు. ఎస్బెన్ వెళ్ళిపోయాక ఇంకొక్కసారి చిత్రిక పట్టాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అంతలో డాగ్మార్ వచ్చింది. లౌరిత్స్ ఉండే వీధిలో కేకుల కొట్టు ఆవిడదే. భారీ మనిషి.

"ఏం లౌరిత్స్, ఈ పుల్లల మీద కూచోవచ్చా, చూసి పోవడమేనా?" అంటూ, జవాబు కోసం ఆగకుండా కూలబడింది.

ఫట్‌మని చప్పుడైంది.

ఎస్బెన్ మొహం పాలిపోయింది.

"అతుకేనా, మేస్త్రీ గారూ?"

"నోర్మూసుకుని నవ్వుతూ నించో," అని గొణిగి, లౌరిత్స్ ఆవిడ దగ్గర వంగాడు. "డాగ్మార్ గారూ, ఒక్కసారి లేస్తారా?"

"లేవను."

"ఒక్క క్షణమే..."

"లేవనంటే వినపడదా? హాయిగా ఉంది నాకు." ఆవిడ మొహం మాత్రం కందగడ్డలా ఉంది.

"చూశావా, లేవనంటోంది! ఎంత సుఖంగా ఉందో!" అన్నారెవరో వెనక నుంచి. తామూ కూర్చుని చూస్తామని జనం వరస కట్టారు.

విరిగిందని ఆవిడకు తెలిసిపోయిందనీ, పదిమందిలో తన పరువు తీయలేక కదలకుండా కూర్చుందనీ లౌరిత్స్ అనుకున్నాడు. వెనక్కి వెళ్ళి చూశాడు. ఆవిడ భుజం చాటున అతుకు కనిపించలేదు. ఇక దాచలేక ఎస్బెన్‌ను పక్కకు లాగాడు.

"తప్పు నాది. నువ్వు చాలన్నాక ఇంకాస్త తీశాను."

"ఎంత?"

"కాగితమంత."

"నాతో ఒక్కమాట అనొద్దూ!"

"అంటే వద్దంటావుగా."

అప్పుడు డాగ్మార్ వేలితో పిలిచింది. లౌరిత్స్ చెవి ఒగ్గాడు.

"నీ కోటు ఇలా ఇవ్వు."

"కుర్చీ మీద కప్పడానికాండీ?"

"కుర్చీకేం రోగం? విరిగింది నేను పొట్ట బిగించి కట్టుకున్న నడుంపట్టీలో బద్ద. పక్కటెముకల్లో గుచ్చి చంపుతోంది. లేచానా, జాకెట్టు గుండీలన్నీ మీ ప్రదర్శనలో రాలతాయి."

లౌరిత్స్ నేల మీదే చతికిలబడి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఇంకా నవ్వావంటే నీకు జన్మలో కేకు అమ్మను!"

"మిమ్మల్ని చూసి కాదు తల్లీ, నా ప్రాణం తిరిగొచ్చి," అంటూ కోటు విప్పి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చుట్టుకుని లేచి, ఎవరివైపూ చూడకుండా దర్జాగా వెనక గదిలోకి నడిచింది.

లౌరిత్స్ అతుకు మీద గోరు నడిపాడు. ఎక్కడా పగులు తగల్లేదు. ఎస్బెన్ కూడా నడిపి చూసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"మీరు తీశాకే బాగుంది, మేస్త్రీ గారూ. కానీ ఈసారి చెప్పి తీయండి."

"చెప్తాలే."

వరసలో ముందున్నాయన అడిగాడు, "ఇప్పుడు కూచోవచ్చా?"

"కూచోండి బాబూ, మీ ఇష్టం వచ్చినంతసేపు కూచోండి!"

లౌరిత్స్‌కు ఒక్కసారిగా ఆకలి ముంచుకొచ్చింది. బయటికెళ్ళి రై ధాన్యపు రొట్టె మీద ఊరవేసిన చేప పెట్టించుకుని, నిలబడే తినేసి, ఇంకోటి ఇమ్మన్నాడు.