దస్తీ వేసిన సీటు

ఐదేళ్ళ పిల్లను తండ్రికి పన్నెండు వరుసల వెనక పడేసింది కంప్యూటర్ కాదు. విమానాలు నడిపే పెద్దమనుషులారా, మీరే. పక్కపక్కన కూర్చోవాలంటే పైన ఇంకొంత కట్టమన్నారు. కట్టలేనివాడి పిల్లను ఎక్కడ సందు దొరికితే అక్కడ ఇరికించారు. టికెట్టు మాత్రం పూర్తిగానే తీసుకున్నారు.

ఇరవై తొమ్మిదో వరుస దగ్గర నడవలో నిలబడి ఎల్లేశం వెనక్కి చూస్తున్నాడు. నలభై ఒకటో వరుసలో, రెండు పెద్ద భుజాల మధ్య ఎర్ర రిబ్బను కనిపిస్తోంది. అది కదలడం లేదు.

ఎల్లేశం సిటీ బస్సు కండక్టరు. ఇరవై మూడేళ్ళు సంచి మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగిపోయింది. సెలవులో ఉన్నా చెవి మీద పెన్ను ఉండాల్సిందే. కాళ్ళు జానెడు ఎడంగా పెట్టి, ఏ కడ్డీ పట్టుకోకుండా నిలబడతాడు. విమానం ఊగినప్పుడు అందరూ సీటు చేతుల్ని గట్టిగా పట్టుకుంటే అతను నారాయణగూడ మలుపులో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

భార్య అంబిక నర్సు. న్యూజిలాండ్‌లో ఉద్యోగం దొరికి పద్నాలుగు నెలల కింద వెళ్ళింది. అప్పటి నుంచి అశోక్‌నగర్ ఒంటిగది ఇంట్లో అతనూ, కూతురు భానూ, మూడేళ్ళ కొడుకు రామూ. అతను డ్యూటీకి పోతే పక్క గదుల్లో పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లలు వాళ్ళను చూసుకునేవారు. అందుకే భానుకు ఎక్కాలకంటే ముందు రాజ్యాంగం అధికరణలు వచ్చాయి. ఇప్పుడు ఇద్దర్నీ తల్లి దగ్గర దింపడానికి పోతున్నాడు. దారిలో విమానం మారారు. ఈ రెండోది పదహారు గంటలు.

గంటన్నర అయింది. భాను పళ్ళెం ముట్టలేదు, నీళ్ళు తాగలేదు, బెల్టు తియ్యలేదు. టాయిలెట్‌కు తీసుకుపోతా రమ్మని ఎల్లేశం పోయి పిలిస్తే తల అడ్డంగా ఊపింది.

“లేస్తే సీటు పోతది నాన్నా. సీటు పోతే అమ్మ దగ్గరికెట్ల పోత?”

కండక్టరు కూతురు మరి. లేచినవాళ్ళ సీటు ఏమవుతుందో దానికి తెలుసు. విమానంలో అట్లా ఉండదని ఎంత చెప్పినా నమ్మలేదు. పదహారు గంటలూ ఇట్లాగే బిగుసుకుని కూర్చుంటుంది. ఆ మొండితనం ఎక్కడిదో ఎల్లేశానికి వేరే చెప్పక్కర్లేదు. తను పక్కన ఉంటే తప్ప ఈ పిల్ల కదలదు.

ఎయిర్‌హోస్టెస్‌ను అడిగాడు. సీట్లన్నీ నిండాయి, మీరే ఎవరినైనా అడిగి చూడండి అని నవ్వింది. ఆమెను అనేదేముంది, ఆ నవ్వు కూడా ఉద్యోగమే. తన పక్కన నడవ సీటులో ఉన్న పొడుగాటి జగన్మోహన్‌ను అడిగాడు. కాళ్ళు చాపుకోవడానికి డబ్బు కట్టి తీసుకున్న సీటు, ఇవ్వనన్నాడు.

సీటు ఇమ్మంటే ఎవడూ ఇవ్వడు. అంతకంటే మంచి సీటు చూపిస్తే వాడే లేస్తాడు. చిక్కడపల్లిలో, పండగ ముందు సుల్తాన్ బజార్ పోయే బస్సులో, రోజూ అతను చేసింది ఇదే కదా. రాము కిటికీకి ముక్కు ఆనించి మబ్బులు చూస్తుండగా ఎల్లేశం నడవ పొడుగునా రెండుసార్లు తిరిగి వచ్చాడు.

ముప్పై ఐదో వరుసలో, నడవ సీటులో, అడిక్‌మెట్ నుంచి వచ్చిన మనోరమ అనే పెద్దావిడ. షుగరు మనిషి. అప్పటికే మూడుసార్లు లేచి వెనక టాయిలెట్ దాకా పోయి వచ్చింది. ఆ టాయిలెట్ పక్కనే నలభై ఒకటి. అక్కడ భానుకు ఇటు నడవ వైపు సృజన్ అనే కుర్రాడు, అటు కిటికీ దగ్గర అతని కొత్త పెళ్ళాం. నడిమి సీటు ఖాళీగా ఉంటుందని ఆశపడి అటొకరు ఇటొకరు కూర్చున్నారట. నడిమిట్లో భాను వచ్చి పడింది. పాపం, గంటన్నరగా పిల్ల తల మీదుగా ముచ్చట్లు చెప్పుకుంటున్నారు.

ఎల్లేశం బుర్రలో బస్సు సర్దుకుంది.

టాయిలెట్ పక్కన సీటు ఇప్పిస్తానంటే మనోరమ అప్పుడే సంచి భుజాన వేసుకుంది. “ఇంతసేపు ఏడున్నవయ్యా?” అని దబాయించింది. పెళ్ళాం పక్కకు జరుగుతావా అని చెవిలో అడిగితే సృజన్ సిగ్గుపడ్డాడు గానీ బెల్టు అప్పటికే ఊడింది. జగన్మోహన్‌కు ముప్పై ఐదులో నడవ సీటే ఇస్తాననీ, అక్కడ పిల్లలు లేరనీ చెప్పాడు. ఈలోపే రాము అతని తెల్ల ప్యాంటు మీద టమాటా రసం ఒలకబోశాడు. జగన్మోహన్ బేరం లేకుండా లేచాడు.

ముగ్గురూ నడవలో నిలబడ్డారు. వెనక నుంచి ఎయిర్‌హోస్టెస్ బండి తోసుకుంటూ వచ్చి అందర్నీ కూర్చోమంటోంది. భాను మాత్రం లేవలేదు.

“నీకు సీటు పట్టిన బిడ్డా,” అన్నాడు ఎల్లేశం.

“అబద్ధం.”

“దస్తీ ఏసిన. నిలబడి చూడు.”

భాను అతని ముఖంలోకి చూసింది. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద చేతిరుమాలు, అదే దస్తీ, విసిరితే ఇక ఆ సీటు వాళ్ళదే. పహిల్వాన్ వచ్చినా అందులో కూర్చోడు. నెమ్మదిగా బెల్టు విప్పి, సీటు మీద నిలబడి మెడ సాచింది. పన్నెండు వరుసల ముందు, సీటు వీపు మీద నీలిగళ్ళ దస్తీ వేలాడుతోంది.

“దస్తీ ఏస్తే ఎవ్వరు కూసోరు గద?”

“ఎవ్వరు కూసోరు.”

పిల్ల దిగింది. ముందు టాయిలెట్‌కు పరుగెత్తింది. తర్వాత తండ్రి వేలు పట్టుకుని మహారాణిలా నడిచి, దస్తీ తీసి మడిచి తండ్రి చేతికిచ్చి, నడిమిట్లో కూర్చుంది. వెనక అందరూ సర్దుకున్నారు. ఎల్లేశం అలవాటు కొద్దీ నెత్తి మీది సామాన్ల అర మీద రెండుసార్లు చరిచి “రైట్ రైట్” అన్నాడు. ఎయిర్‌హోస్టెస్ ఉలిక్కిపడింది. ఏ డిపోనయ్యా మీది అని నలభై ఒకటి నుంచి మనోరమ అరిచి అడిగింది. తెలుగు తెలిసినవాళ్ళు నవ్వితే తెలియనివాళ్ళూ నవ్వారు.

ఆ తర్వాత ఆకలి తీర్చుకున్న భాను రాము బన్ను కూడా లాక్కుని తినేసింది. ఎప్పుడొస్తదని రాము అడిగినప్పుడల్లా ఎల్లేశం ఒక స్టాపు చెప్పాడు. చిక్కడపల్లి అయిందన్నాడు, కాచిగూడ దగ్గర సిగ్నల్ పడిందన్నాడు. సిగ్నల్ అనగానే వాడు నోరు మూసుకుని ఓపిక పట్టాడు. ఇద్దరూ అటూ ఇటూ ఒరిగి నిద్రపోయారు. అతను కదలలేదు.

విమానం దిగి వచ్చేసరికి బయట అంబిక కోటు వేసుకుని నిలబడి ఉంది. రాము తండ్రి కాళ్ళ వెనక దాక్కుని, ఒక్క నిమిషం చూసి, ఆమె మెడ పట్టుకుని ఇక వదల్లేదు.

సెలవు పన్నెండు రోజులే. పదమూడో రోజు పొద్దున, పిల్లలు ఇంకా లేవకముందే, ఎల్లేశం డ్యూటీకి బయల్దేరినట్టు బయల్దేరాడు. తిరుగు విమానం సగం ఖాళీ. అడక్కుండానే మూడు సీట్లూ అతనికే వదిలేశారు. జర లోపలికి జరుగు అనడానికి పక్కన ఎవరూ లేరు.

చూశారా పెద్దమనుషులారా, ఇవ్వడానికి మీ దగ్గర సీట్లు లేక కాదు. పిల్ల ఎక్కడుంటే తల్లో తండ్రో ఆ పక్కనే ఉండాలి. పైన ఒక్క రూపాయి అడక్కుండా, ఎవరినీ బతిమాలించకుండా, ఇవాళ్టి నుంచే. తిరుగు విమానంలో ఎల్లేశం పక్కన ఆ నడిమి సీటులో దుప్పటి పొట్లం ఒక్కటే, కవరు కూడా చింపకుండా, దారి పొడుగునా కూర్చుని వచ్చింది. దాన్ని తీసి పిల్లను కూర్చోబెట్టండి.